మేడ మీద కుళాయి

శుక్రవారం, ఉదయం ఏడుంబావు. నవంబరు మంచు ఇంకా విడిపోలేదు. పశ్చిమ ప్రకాశంలో ఒక మండల కేంద్రం. జిల్లా పరిషత్ హైస్కూలు గేటు ముందు మీరు నిలబడి ఉన్నారు. మీ పక్కన నలభై ఎనిమిదేళ్ల మనిషి తాళాల గుత్తి పట్టుకుని నిలబడింది. ఈ బడిలో పిల్లలకూ టీచర్లకూ ఆమె ఆయమ్మ. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో ఇలాంటి ఆయమ్మలు వేలల్లో ఉన్నారు. ఈ రోజు వాళ్లలో ఎవరిదైనా కావచ్చు.

తాళంచెవి కప్పలో పెట్టింది గాని తిప్పడం లేదు.

"కాసేపు ఆగాల. పొద్దున పూట వేళ్లు మాట వినవు" అంటుంది.

కుడిచేతి పిడికిలి సగమే మూసుకుంటోంది. కణుపుల దగ్గర వాపు మీకు స్పష్టంగా కనిపిస్తోంది. ఎడంచేత్తో కుడి మణికట్టు బిగించి పట్టుకుని, ఒంటి బరువంతా ఆ వైపు వేసి, ఒక్క తిప్పు. తాళం ఊడింది. మీరు సాయం పడదామనుకునేలోపే గేటు నెట్టేసింది. చేత్తో కాదు, తుంటితో.

పోయినేడు ఆగస్టులో ఆమెకు చికెన్‌గున్యా వచ్చింది. జ్వరం నాలుగు రోజుల్లో దిగింది, నొప్పులు మాత్రం దిగలేదు. 2006లో ఈ రాష్ట్రంలో ఊళ్లకు ఊళ్లు మంచం పట్టాయి. దేశం మొత్తం మీద 13 లక్షలకు పైగా అనుమానిత కేసులు లెక్కకెక్కిన ఏడాది అది. అప్పుడు తప్పించుకుంది. ఇన్నేళ్ల తర్వాత దొరికిపోయింది. ఈ జ్వరం వదిలాక కీళ్ల నొప్పులు కొందరికి వారాల్లో పోతాయి, కొందరికి నెలలూ ఏళ్లూ నిలిచిపోతాయి. నలభై అయిదు దాటినవాళ్లలో, అందులోనూ ఆడవాళ్లలో, అలా నిలిచిపోవడం ఎక్కువ. పదిహేను నెలలైనా ఆమెకు తెల్లారడం అంటే ముందుగా వేళ్లు విప్పుకోవడమే.

ఈనెల చీపురు అందుకుంది. వేపాకులు రాలిన ఆవరణ, ప్రార్థన చేసే స్థలం, రెండు వరండాలు. చీపురు పొట్టిది కాబట్టి నడుము సగానికి వంచే ఊడవాలి. మీరు వెనకే నడవండి. ఆమె వరసలో పోతుంది, ఎక్కడా ఆగదు. ఆగితే మళ్లీ వంగడం కష్టమని ఆమెకు తెలుసు. వరండా చివర స్తంభం దగ్గర మాత్రం నిలబడి, వీపు దానికి ఆనించి, గట్టిగా ఒత్తుతుంది. ఆ స్తంభం మీద సున్నం ఒకచోట నున్నగా అరిగిపోయి ఉంది.

ఎనిమిదికి మరుగుదొడ్లవైపు.

కింద ఆడపిల్లల వరస, మేడ మీద మగపిల్లల వరస. కింద కుళాయి ఉంది. మేడ మీద పైపు ఉంది, టైల్స్ ఉన్నాయి, బేసిన్లు ఉన్నాయి, కుళాయి లేదు. ప్లాస్టిక్ కుళాయిని పిల్లలు ఎప్పుడో విరగ్గొట్టారు, నీళ్లు ఆగకుండా కారుతుంటే లైను వాల్వ్ కట్టేశారు. నిరుడు సంక్రాంతి సెలవుల ముందు మాట అది. అప్పటి నుంచి మేడ మీద ఒక నీలం డ్రమ్ము కాపురం పెట్టింది. ఆ డ్రమ్ము నింపాల్సింది ఆయమ్మ.

15 లీటర్ల బకెట్ అంటే 15 కిలోలు. మెట్లు ఇరవై రెండు. మొదటి బకెట్‌తో ఆమె మామూలుగానే ఎక్కుతుంది. మూడోదానికల్లా ప్రతి మెట్టు మీదా రెండు పాదాలూ ఆనిస్తుంది. దిగేటప్పుడు పక్కకు తిరిగి, గోడ పట్టుకుని, ఎడమకాలు ముందు వేసి దిగుతుంది. "మోకాలు లోపల ఇసక పోసినట్టు ఉంటది" అంటుంది నవ్వుతూ. నాలుగో బకెట్ మీరు అందుకోబోతే, వద్దని చెయ్యి అడ్డం పెడుతుంది. ఆ ఒక్కటీ ఎత్తిపోస్తే తీరే పని కాదన్నట్టు.

ఇవ్వాళ శుక్రవారం కాబట్టి ఇంకో పని ఉంది. 'ఫ్రైడే డ్రై డే' అని పంచాయతీ మైకులో చెబుతుంటారు కదా, వారానికోసారి నిల్వనీళ్లు పారబోసి, తొట్టి ఆరబెట్టాలని. చికెన్‌గున్యా, డెంగీ మోసే దోమ మురిక్కాలవలో పుట్టదు. ఇలాంటి డ్రమ్ములోనే, కదలకుండా నిలిచిన మంచినీళ్లలో గుడ్లు పెడుతుంది. వారం పది రోజుల్లో ఆ గుడ్డు ఎగిరే దోమవుతుంది, పగలే కుడుతుంది. మీరు తల వంచి డ్రమ్ములోకి చూడండి. నీటి ఉపరితలం కింద సన్నటి పురుగులు వేలాడుతున్నాయి, మీ నీడ పడగానే మెలికలు తిరుగుతూ అడుక్కు పోతున్నాయి. ఆమె డ్రమ్మును వంచి, ఈడ్చి, అడుగు కొబ్బరిపీచుతో రుద్దుతుంది. తనకు జ్వరం తెచ్చిన దోమ ఇక్కడే పుట్టిందో, ఇంటి దగ్గర పుట్టిందో ఎవరూ చెప్పలేరు. కానీ కుళాయి ఉంటే ఈ డ్రమ్ము ఉండదు, ఈ బకెట్లూ ఉండవు. అది చెప్పడానికి డాక్టరు అక్కర్లేదు.

ఇప్పుడు బేసిన్లు. పొడుగు కర్ర బ్రష్ ఒకటి ఇచ్చారు గాని కర్ర విరిగి జానెడు మిగిలింది. గ్లవుజుల్లో కుడిచేతిది బొటనవేలు దగ్గర చిరిగింది. బ్లీచింగ్ పౌడర్ చల్లింది. పసుపు మరకలు వదలకపోతే పై నుంచి యాసిడ్ పోసింది. ముందు బుసమని పొంగు, ఆ వెనకే గొంతును గీరే ఘాటు. మీ కళ్లలో నీళ్లు తిరిగాయి, ముక్కు మూసుకుని బయటికి వచ్చేశారు. ఆమె కొంగు నోట్లో కుక్కుకుని లోపలే ఉంది. బ్లీచింగూ యాసిడూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. అది ఊపిరితిత్తులను కాలుస్తుంది. ఆ రెండూ కలపకూడదని ఆమెకు చెప్పినవాళ్లు లేరు. రెండు డబ్బాల మీదా అక్షరాలున్నాయి, చదువు మాత్రం ఆమెకు మూడో తరగతితోనే ఆగిపోయింది. బయటికి వచ్చి గోడ పట్టుకుని దగ్గుతుంది. పొడిదగ్గు, ఎంతకీ తెగదు.

"చలికాలం దగ్గు లెండి" అంటుంది. వేసవిలోనూ ఇదే దగ్గిందని వంటమ్మలు తర్వాత మీతో చెబుతారు.

తొమ్మిదికి ముందు డ్యూటీ టీచరు ఫోను పట్టుకుని వస్తారు. "ఆయమ్మా, కొంచెం పక్కకి జరుగమ్మా." ఆమె జరుగుతుంది. తడి తడిగా మెరుస్తున్న బేసిన్లు, తుడిచిన నేల. క్లిక్. ఫొటో యాప్‌లోకి ఎక్కుతుంది. 2021లో ఈ ఆయమ్మల కొలువు మొదలైనప్పటి నుంచీ ఈ ఫొటోలూ ఉన్నాయి. పిల్లల్ని బడికి పంపే తల్లులకు ఏటా ఇచ్చే అమ్మఒడి 15,000 రూపాయల్లోంచి 1,000 కోసి మరుగుదొడ్ల నిర్వహణ నిధి పెట్టారు, అందులోంచి ఆయాకు నెలకు 6,000. 2022లో ఆ కోత 2,000 అయింది. పేరు మారి తల్లికి వందనం వచ్చాకా అంతే, తల్లుల ఖాతాలో 13,000 పడుతోంది. ఆయమ్మ ఆరు వేలు మాత్రం ఆరు వేలే. దొడ్డి ఏ గంటకు ఎంత శుభ్రంగా ఉందో విజయవాడలో కూర్చున్న అధికారి చూడగలడు. దాన్ని కడిగిన చెయ్యి ఎట్టా ఉందో చూసే యాప్ మాత్రం ఎవరూ తయారు చేయలేదు.

ప్రార్థన గంట కొట్టారు. పిల్లలు వరసల్లో నిలబడ్డారు. ఎనిమిదో తరగతి వరసలో ఒక పిల్ల కళ్లు తిరిగి కూలబడింది. టీచర్ల కన్నా ముందు అక్కడికి చేరింది ఆయమ్మే. అంతకుముందు మెట్లు దిగడానికి గోడ పట్టుకున్న మనిషేనా అని మీకు అనుమానం వస్తుంది. పిల్లను వరండాలోకి నడిపించి, నీళ్లు చల్లి, "పొద్దున ఏం తిన్నావే?" అని అడిగింది. ఏమీ తినలేదు. అంతే కాదు, ఇంకో సంగతీ ఉంది. ఆ పిల్ల చెవిలో చెప్పింది. ఆయమ్మ తల ఊపి, బీరువాలోంచి న్యాప్‌కిన్ తీసి, పిల్లను దొడ్లవైపు తీసుకుపోయి, గౌను వెనక మరక కనపడకుండా తన తువ్వాలు నడుముకు చుట్టింది. ఈ పని ఆమె పనుల పట్టీలో ఎక్కడా లేదు. ఇలాంటివి రోజుకు అయిదారు వస్తాయి. చిన్న తరగతిలో వాంతి, గొడవలో పగిలిన మోచిప్ప, గేటు దగ్గర ఏడుస్తున్న తమ్ముడు.

ఆ రోజే పిల్లలకు ఐరన్ బిళ్లలు పంచారు. వారానికోసారి ఇచ్చే నీలం బిళ్లలు. ఆయమ్మ గ్లాసులు అందిస్తూ తిరిగింది. మిగిలిన బిళ్లలు లెక్కపెట్టి డబ్బాలో వేశారు, పుస్తకంలో రాశారు. రక్తం తక్కువైన మనిషి బిళ్లలు పంచుతున్నదని అప్పటికి మీకూ తెలియదు, ఆమెకూ తెలియదు. తెలిసేది మధ్యాహ్నానికి.

ఇంటర్వెల్ అయ్యాక మళ్లీ దొడ్లు. మళ్లీ బకెట్లు. పదకొండున్నరకు వంటషెడ్డు వెనక నీడలో గోనెపట్టా మీద కూర్చుంది. కూర్చున్నది కూర్చున్నట్టే కన్ను మూతపడింది. ఇది నిద్ర అనుకుంటే పొరపాటు. ఒంట్లో బలమంతా ఒక్కసారిగా ఎవరో తోడేసుకున్నట్టు దిగిపోతుందట, రోజూ ఈ వేళకే. రాత్రి ఎంత పడుకున్నా తీరదట. వంటమ్మ కూరలో గరిటె తిప్పుతూ గొంతు తగ్గించింది: "లేపబాకండి. పోయిన నెల ఎవరో ఫొటో తీసి పెట్టారంట, పని ఎగ్గొట్టి పడుకుందని." పది నిమిషాల్లో తానే ఉలిక్కిపడి లేచి, ముందు అటూ ఇటూ చూసింది.

భోజనాల తర్వాత హెడ్మాస్టరు గారి గుమ్మం దగ్గర నిలబడింది.

"సార్, గంట పర్మిషన్ కావాల. హాస్పిటల్‌కి."

"మళ్లీ నొప్పులేనా ఆయమ్మా? సరే పో. నాలుగింటికి కమిటీ మీటింగు ఉంది, దొడ్లు ఒకసారి చూసుకోవాల. ఆ లోపు వచ్చెయ్."

ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి షేర్ ఆటో. ఇరవై రూపాయలు. దారిలో ఒక మందులషాపు చూపించి, "అదే, మా ఆర్ఎంపీ డాక్టరు రాసిచ్చే బిళ్లలు ఈడే కొంటా" అంటుంది. పొద్దున ఒకటి, పడుకోబోయే ముందు ఒకటి. పదిహేను నెలలుగా. మరీ నిలబడలేనప్పుడు ఒక సూది. సూది వేయించుకున్న రోజు మెట్లన్నీ గబగబా ఎక్కేస్తుందట. "ఆ రోజు నేను నేనే" అంటుంది.

పీహెచ్‌సీ బెంచీ మీద మీరిద్దరూ కూర్చున్నారు. పిలుపు వచ్చింది. డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. వేళ్లు వంచి చూసింది, మోకాలు నొక్కి చూసింది, ఛాతీ విన్నది. ల్యాబులో వేలు పొడిచి రక్తం తీశారు. హిమోగ్లోబిన్ ఎనిమిదిన్నర.

"పన్నెండు ఉండాలమ్మా. బహిష్టు ఎక్కువవుతోందా?"

"పోతానే ఉంది మేడం, ఏడాదిగా. ఆగిపోయే వయసు కదా అని ఊరుకున్నా."

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019–21లో ఆంధ్రప్రదేశ్ ఆడవాళ్లలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. ఆయమ్మ ఆ శాతంలో ఒకతె. నొప్పి బిళ్లల చీటీ చూడగానే డాక్టరమ్మ ముఖం మారింది. ఈ బిళ్లలు ఇన్నాళ్లు మింగితే కడుపులో పుండు పడి, తెలియకుండా రక్తం పోవచ్చు. మూత్రపిండాల మీదా దెబ్బ పడుతుంది. నొప్పి తగ్గించే బిళ్లే నీరసాన్ని పెంచుతున్నదేమో చూడాలి. ఈ ప్రాంతపు బోరునీళ్లలో ఫ్లోరైడ్ సంగతి వేరే చెప్పాలా? ఎముకలకు అదొక లెక్క. గున్యా, రక్తహీనత, వెన్ను, ఊపిరి, నీళ్లు. ఏ నొప్పి దేనిదో విడదీయడం డాక్టరమ్మకే కష్టంగా ఉంది.

"ఐరన్ బిళ్ల టీతో వేసుకోవద్దు. నిమ్మకాయ నీళ్లతో వేసుకో. స్కానింగ్‌కి, కిడ్నీ టెస్టుకి ఒంగోలు పెద్దాసుపత్రికి రాస్తున్నా, తప్పకుండా వెళ్లు. బరువులు ఎత్తొద్దు. కొన్నాళ్లు రెస్ట్ తీసుకోవాలి."

"రెస్ట్ కాకుండా ఇంకేదన్నా రాయండి మేడం."

డాక్టరమ్మ పెన్ను ఆపి ఆమె వైపు చూసింది. మీరూ చూశారు. ఆయమ్మ హాస్యానికి అనలేదు.

ఆమె ఆరోగ్య కార్డు కొంగుముడిలో భద్రంగా ఉంది. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అయిన పథకం అది. గుండె ఆపరేషనుకు, ఆసుపత్రిలో మంచం ఎక్కించే జబ్బుకు ఆ కార్డు కొండంత అండ. ఆమె జబ్బు ఇంకా మంచం దాకా పోలేదు. నడుస్తూ, ఊడుస్తూ, బకెట్లు మోస్తూ ఉండే జబ్బు. దానికి కావలసింది జీతం తెగని నాలుగు సెలవులు. ఈఎస్ఐ ఉన్న కార్మికుడికి డాక్టరు రాసిస్తే ఏడాదిలో 91 రోజుల దాకా జీతంలో 70 శాతం వస్తుంది. ఆయమ్మను పనిలో పెట్టుకున్నది బడి కమిటీ. ఆమెకు ఈఎస్ఐ కార్డు లేదు, పీఎఫ్ లేదు, మెడికల్ లీవు లేదు. రాని రోజుకు జీతం లేదు, వరసగా రాకపోతే కొలువే ఉండదేమోనన్న భయం. ఊళ్లో ఈ పని ఏ వీధివాళ్లకు వస్తుందో, ఒకరు మానేస్తే ఆ వీధిలోనే ఇంకొకరు ఎంత తొందరగా దొరుకుతారో ఆమెకు బాగా తెలుసు.

మూడున్నరకు బడికి తిరిగొచ్చి, ఆమె నేరుగా దొడ్లకు పోయింది. నాలుగింటికి సైన్సు గదిలో మీటింగు. స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీ. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ఇందులో ముప్పాతిక వంతు తల్లిదండ్రులు ఉండాలి, మొత్తంలో సగం ఆడవాళ్లు. అయిదుగురు తల్లులు వచ్చారు, చేల నుంచి నేరుగా వచ్చినవాళ్ల కాళ్లకు ఇంకా మట్టి ఉంది. మీరు వెనక బెంచీలో కూర్చోండి. ఆయమ్మ టీ గ్లాసులు పంచి గుమ్మం దగ్గర నిలబడింది. ఎవరో కూర్చోమంటే, "కూర్చుంటే లేవలేనమ్మా" అంది.

అజెండా సాగింది. కోడిగుడ్ల లెక్క, పదో తరగతి స్టడీ అవర్లు, ప్రహరీ పగులు. చివర్లో హెడ్మాస్టరు గారు "ఇంకేమన్నా ఉన్నాయా?" అనగానే ఆయమ్మ హాస్పిటల్ చీటీ తీసి బల్ల మీద పెట్టింది.

ఆయన చదివారు. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. చెడ్డమనిషి కాదు. పోయిన దసరాకు ఆమె జీతం పడకపోతే తన జేబులోంచి రెండు వేలు ఇచ్చింది ఈయనే.

"రెస్ట్ అంటే ఎట్టా ఆయమ్మా? నీ కోడల్ని పంపకూడదా నాలుగు రోజులు?" అన్నాడు ఛైర్మన్.

"కోడలు పొగాకు నాట్లకు పోతంది. అయినా జబ్బు నాకు వస్తే శిక్ష దానికెందుకు?"

గది కాసేపు గమ్మున ఉండిపోయింది. తర్వాత ముందు వరసలో ఒక తల్లి లేచింది. ఆమె కొడుకు తొమ్మిదిలో ఉన్నాడు, కూతురు ఏడులో.

"సార్, అసలు నీళ్లు మొయ్యడం ఎందుకంట? పైన కుళాయి ఏమైంది?"

"విరిగింది. లైను కూడా మార్చాల. నాలుగు వేలు అవుద్దన్నాడు ప్లంబరు."

"మా ఇద్దరు పిల్లల మీద నాలుగు వేలు కోశారు గదా, దొడ్లకని, బడికని! ఒక్క నా ఇంటి డబ్బుతోనే ఆ కుళాయి వచ్చుండేదే!"

హెడ్మాస్టరు గారు ఓపిగ్గా చెప్పారు. ఆ డబ్బు నేరుగా బడి ఖాతాలోకి రాదు. పై నుంచి ఎప్పుడు ఎంత వదిలితే అంతే. ఆ తల్లి వినలేదు. మిగతా నలుగురూ ఆమెతో గొంతు కలిపారు. అరగంట వాదన తర్వాత తీర్మానాల పుస్తకంలో కొన్ని వాక్యాలు పడ్డాయి. స్కూలు గ్రాంటులోంచి మేడ మీద కుళాయి, లైను వారంలో బాగుచేయించాలి. అది అయ్యాక డ్రమ్ము తీసెయ్యాలి. పొడుగు కర్ర బ్రష్‌లు రెండు, గ్లవుజులు రెండు జతలు కొనాలి. బ్లీచింగూ యాసిడూ కలపకూడదని సైన్సు మేడం ఆయమ్మకు దగ్గరుండి చూపించాలి. డాక్టరు రాసిన చీటీకి సగం మందు ఈ పుస్తకంలోనే ఉందని మీకు అప్పుడు అర్థమవుతుంది.

మిగతా సగం రెస్ట్. అక్కడికొచ్చేసరికి పెన్ను ఆగింది. బదులు మనిషికి ఇవ్వడానికి ఏ పద్దులోనూ డబ్బు లేదు.

"సార్," అంది ఆయమ్మ గుమ్మం దగ్గర నుంచే. గొంతులో బతిమాలడం లేదు. "రేపు శనివారం వస్తా. సోమవారం నుంచి మూడు రోజులు రాను. ఒంగోలు పోయి స్కానింగ్ తీయించుకుంటా. ఆ మూడు రోజులు జీతం కోసుకుంటే కోసుకోండి. పొద్దున్నే ఎవరు కడగాలో మీరు చూసుకోండి."

హెడ్మాస్టరు గారు ఛైర్మన్ వైపు, ఛైర్మన్ తల్లుల వైపు చూశారు. ఇందాక లేచిన తల్లే మళ్లీ లేచింది.

"నేనొస్తా. ఆయమ్మ మూడు రోజులు నేను చేస్తా. ఎంతిస్తారో ముందు చెప్పండి."

"ఆమె జీతం లెక్కనే. నెలకు ఆరు వేలంటే రోజుకు రెండొందలు."

"రెండొందలా?" ఆ తల్లి ఆయమ్మ వైపు తిరిగింది. "ఏందక్కా, దీనికా నువ్వు ఇన్నాళ్లూ మోసింది? పొగాకు నాట్లకు పోతే దీనికి రెట్టింపు ఇస్తన్నారే!"

"ఈ రేటు సంగతి వచ్చే మీటింగు అజెండాలో పెడదాం" అన్నారు హెడ్మాస్టరు గారు, పుస్తకం మూయబోతూ.

"వచ్చే మీటింగు ఎందుకు సార్? పుస్తకం తెరిచే ఉంది గదా. ఆరు వేలు చాలదని తల్లులందరం అన్నామని రాయండి, సంతకాలు పెడతాం. పైకి పంపండి."

ఆయన పెన్ను మూత మళ్లీ తీశారు.